పాడె కట్టేలోపే తేల్చుకోవాల్సినవి: కట్టెలా, గ్యాసా, మట్టా?

ఇంట్లో మనిషి పోయిన అరగంటకే ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్నింటికి తీస్తారండీ?" దానికి జవాబు చెప్పాలంటే అప్పటికే నాలుగైదు సంగతులు తేలి ఉండాలి. దహనం ఎక్కడ, కట్టెల మీదా గ్యాస్ మీదా, కొరివి ఎవరు పెడతారు, దూరాన ఉన్నవాళ్ల కోసం ఆగాలా వద్దా. ఏడుస్తున్న ఇంట్లో వీటిని ఇంటివాళ్లు తేల్చరు. వీధిలో కుర్చీలేసుకుని కూర్చున్నవాళ్లలో ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లు తేలుస్తారు. వాళ్లని తప్పుపట్టను. వాళ్లు లేకపోతే పాడె కట్టేవాళ్లు కూడా ఉండరు. కాకపోతే వాళ్లకు తెలిసింది వాళ్ల తండ్రికి జరిగిన పద్ధతి ఒక్కటే.

మా బాబాయి 2022 జూలైలో పోయాడు. ధవళేశ్వరం దగ్గర గోదారి మూడో ప్రమాద హెచ్చరిక దాటి పోతున్న రోజులు. ఆయనది గోదారి పాయల మధ్య లంక ఊరు. శ్మశానం నిలువెత్తు నీళ్లలో ఉంది. పడవ మీద ఏటిగట్టు దాకా తెచ్చి, పక్క ఊరివాళ్లను బతిమాలి వాళ్ల శ్మశానంలో పేర్చాం. కట్టె తడి. డీజిల్ పోశారు, పంచదార చల్లారు, చివరికి ఎవరో పాత టైర్లు పట్టుకొచ్చారు. అర్ధరాత్రి దాటినా అవలేదు. గొడుగు పట్టుకుని నిలబడ్డ మా తమ్ముడు, బాబాయి కొడుకు, ఒక్క మాటే అన్నాడు: "టౌనుకి తీసుకెళ్లిపోవాల్సింది అన్నయ్యా." గట్టెక్కాక ముప్పై కిలోమీటర్ల దూరంలో గ్యాస్ దహనవాటిక ఉంది. ఆ పొద్దున అంతమంది పెద్దల్లో ఒక్కరికీ ఆ మాట గుర్తు రాలేదు.

అప్పటినుంచి ఎవరైనా అడిగితే ముందు ఇదే చెప్తాను. మన గోదావరి డెల్టాలో ఈ ఎంపికను డబ్బు కన్నా ఎక్కువగా నీళ్లు నిర్ణయిస్తాయి. ఏ నెల, ఏ గట్టు, భూమిలో ఎంత లోతున ఊట తగులుతుంది, అవి చూసుకోండి. కులాచారం, ఖర్చు ఆ తర్వాత.

కట్టెలూ గ్యాసూ

ఒక పెద్దమనిషి దహనానికి నాలుగైదు క్వింటాళ్ల కట్టె పడుతుంది. డెల్టాలో అడవి లేదు. దొరికేది మామిడి, తుమ్మ, చింత, సముద్రం వైపు సరుగుడు. కొబ్బరి కమ్మలు, డొక్కలు నిప్పు రాజుకోవడానికే పనికొస్తాయి, శరీరాన్ని కాల్చేంత సెగ వాటికి ఉండదు. అడితిలో కొనేటప్పుడు బరువు చూస్తాం గానీ తడి చూడం. అక్కడే మోసపోతాం. పచ్చి కట్టె బరువు తూగుతుంది, మంట ఇవ్వదు. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండిన కట్టె ఖంగుమంటుంది, పచ్చిది మొద్దుగా మోగుతుంది. ఆ పని దుఃఖంలో ఉన్నవాళ్లు చేయలేరు, పొలం పనులు తెలిసిన ఒక బంధువుకి అప్పగించండి.

కట్టెల చితి పూర్తవడానికి ఐదారు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి నిప్పు పెడితే రాత్రి దాకా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. అస్థి సంచయనం మర్నాడో, మూడో రోజో. ఇందులో ఉన్న మేలు ఏమిటంటే అంతా మన ఊళ్లోనే, మన కళ్లముందే జరుగుతుంది. ఇంటి నుంచి నలుగురూ భుజం మార్చుకుంటూ మోస్తారు. దారిలో దింపుడు కళ్లం దగ్గర దించి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. కుండకు చిల్లు పెట్టి చుట్టూ తిరుగుతారు. నడిచి వెళ్లి, కాలవలో మునిగి, తడిబట్టలతో ఇంటికి రావడం. చాలామంది పెద్దవాళ్లు "నన్ను ఊళ్లోనే తగలెయ్యండిరా" అనేది దీన్ని తలుచుకునే. ఆ కోరికను తేలిగ్గా తీసుకోకూడదు.

గ్యాస్ మీద గంట, గంటన్నరలో అయిపోతుంది. వాన పడినా ఆగదు. బూడిద, ఎముకలు ఆ సాయంత్రమే చేతికి ఇస్తారు. పొగ, నూనెలు, టైర్ల గొడవ ఉండదు. ఖర్చు ముందే తెలుస్తుంది. కట్టెల దగ్గర అలా కాదు. కట్టె ఖరీదు ఒకటి, బండి కిరాయి ఒకటి, పేర్చినవాళ్లకు, కాటికాపరికి, డప్పులవాళ్లకు, ఇలా గంటకో చెయ్యి చాస్తుంది. అన్నీ కూడితే గ్యాసే చవగ్గా తేలడం నేను చాలాసార్లు చూశాను.

మరి అడ్డం ఎక్కడ వస్తుంది? ఆచారం దగ్గర వస్తుందని అందరూ అనుకుంటారు, నిజానికి అక్కడ పెద్ద అడ్డం లేదు. కుండ కొట్టడం, ప్రదక్షిణ, కర్పూరంతో కొరివి, అన్నీ బయట అరుగు మీద చేసుకుని ఆ తర్వాతే లోపలికి పంపుతారు. దారిలో వ్యాను ఆపుకుని దింపుడు కళ్లం కూడా చేసుకోవచ్చు. అసలు ఇబ్బంది వేళది. ఒకే పొయ్యి ఉన్నచోట మీకన్నా ముందు ఇంకొకరు ఉంటే ఎదురుచూడాలి, కాబట్టి శవం ఇంట్లో ఉండగానే ఫోన్ చేసి టైము తీసుకోండి. పోయినవారి ఆధార్ జిరాక్స్, డాక్టరు ఇచ్చిన కాగితం చేతిలో ఉంచుకోండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే తప్పకుండా ముందే చెప్పాలి. దాన్ని తీయకుండా పొయ్యిలో పెడితే పేలుతుంది. ఇంకొక సంగతి, లోపలికి పంపాక తలుపు పడే చప్పుడు. మా అత్తయ్య ఆ చప్పుడు ఇప్పటికీ చెప్పుకుంటుంది. చితి అయితే దూరం నుంచి చూస్తూ మెల్లగా వెనక్కి తిరుగుతాం, ఇక్కడ ఒక్కసారిగా అయిపోతుంది. ఆడవాళ్లు, పిల్లలు వస్తుంటే ఈ ముక్క ముందే చెప్పి తీసుకెళ్లండి.

నా లెక్క ఇదీ. రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి పట్టణాల్లో కాపురముంటే రెండో ఆలోచన లేకుండా గ్యాస్. పల్లెటూరు, ఎండాకాలం, ఎండిన కట్టె ఉంటే కట్టెలే. జూన్ నుంచి నవంబరు దాకా మాత్రం మీ శ్మశానంలో రేకుల షెడ్డు ఉందా, దాని కింద పేర్చే గద్దె బాగుందా అని వెళ్లి కళ్లారా చూడండి. లేకపోతే నలభై కిలోమీటర్లయినా సరే గ్యాస్‌కి తీసుకెళ్లడమే మేలు. లంకల్లో ఉన్నవాళ్లకు ఇది వరద రోజుల మాట కూడా. రెండో హెచ్చరిక వచ్చిందంటే మంచాన ఉన్న ముసలివాళ్లను గట్టు ఇవతలి బంధువుల ఇంటికి చేర్చడం బతికున్నప్పుడే మంచిది.

ఇంకొకటి ఎవరూ చెప్పనిది. ఏప్రిల్, మే నెలల్లో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. దహనం అయ్యాక స్నానానికి రేవులో చుక్క నీరు ఉండదు. వందమంది బురదలో నిలబడి ముఖాలు చూసుకోవడం కన్నా, శ్మశానం పక్క చేలో బోరు మోటారు ఎవరిదో కనుక్కుని మాట్లాడి పెట్టుకోండి.

శనివారం పోతే శవం తోడు కోరుతుందని పాడెకు కోడిపిల్లను కట్టడం మా వైపు ఇంకా ఉంది. కట్టాలా వద్దా అని దారిలో రెండు వర్గాలైపోయి అరగంట వాదించుకోవడం నేను చూశాను. కోడిపిల్లకు అయ్యే ఖర్చు కన్నా ఆ అరగంట ఖరీదు ఎక్కువ. ఇంట్లో పెద్ద ముసలావిడ ఏమంటే అదే చేసేయండి.

మట్టి చేసేవాళ్లు

క్రైస్తవులు, ముస్లింలు, లింగధారులు, పసిపిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లు, వీళ్లందరికీ కట్టెలా గ్యాసా అన్న ప్రశ్న లేదు. వీళ్లకు డెల్టా పెట్టే పరీక్ష వేరు. వానాకాలంలో మూడు నాలుగు అడుగులు తవ్వగానే ఊట వస్తుంది. నల్లరేగడిలో గోడలు జారతాయి, లంక ఇసుకలో కూలతాయి. పొద్దున తవ్వి మధ్యాహ్నం భూస్థాపన అంటే గొయ్యి నిండా నీళ్లుంటాయి. ప్రార్థన మొదలయ్యాక గొయ్యి తవ్వడం ముగించేలా చూసుకోండి, ఒక చిన్న డీజిల్ ఇంజను పక్కన ఉంచుకోండి. పెట్టె నీటి మీద తేలడం ఏ కుటుంబమూ చూడకూడదు.

సమాధుల తోటలో చోటు తగ్గిపోవడం అన్ని ఊళ్లలోనూ ఉంది. ఇక్కడ రెండు దారులు. ఒకటి, పాత కుటుంబ సమాధిని తెరిచి అందులోనే పెట్టడం. సంఘపెద్దలు, పాస్టరు ఒప్పుకోవాలి, ముందు పోయినవారికి చాలినన్ని ఏళ్లు గడిచి ఉండాలి. రెండు, నేల మీద సిమెంటు గది కట్టి పెట్టడం. రెండోది నీళ్ల గొడవ తప్పిస్తుంది గానీ చోటు శాశ్వతంగా తినేస్తుంది, ఖర్చూ ఎక్కువే. చోటు తక్కువున్న ఊళ్లో మొదటిదే న్యాయమని నా అభిప్రాయం. ముస్లింల జనాజా సాధారణంగా ఆ రోజే అయిపోతుంది కనుక వాళ్లకు ఎదురుచూపుల టెన్షన్ తక్కువ. ఖబర్ తవ్వే మనిషి, పైన పరిచే పలకలు సిద్ధంగా ఉంటే చాలు.

ఆగాలా, వద్దా

కోనసీమలో ఇంటికొకరు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. కాబట్టి అన్నిటికన్నా పెద్ద తగాదా ఇదే. కొడుకు వచ్చేదాకా ఆపాలని తల్లి, పొద్దు వాలకముందే తీసేయాలని ఊరి పెద్దలు. అమెరికా నుంచి గుమ్మంలోకి రావడానికి ఎంత తొందరగా అనుకున్నా ఒకటిన్నర రోజు, మామూలుగా రెండు. ఐస్ బాక్సులో రెండు రోజులు ఉంచవచ్చు. కానీ కరెంటు ఉండాలి. మే నెలలో రాత్రి రెండింటికి కరెంటు పోతే అద్దం లోపల చెమ్మ పడుతుంది, ఆ ముఖం చూడలేం. బాక్సు అద్దెకిచ్చేవాడితో పాటే జనరేటరూ మాట్లాడండి. అంతకన్నా ఎక్కువ రోజులు ఆగాలంటే ఇంట్లో వద్దు. ఆసుపత్రి మార్చురీలో పెట్టి, వచ్చే రోజు తెచ్చుకోవడం నయం.

నేను పెట్టుకున్న గీత ఒకటుంది. కబురు వెళ్లిన ఆరు గంటల్లో టికెట్ చేతిలో ఉంటే ఆగండి. "సెలవు అడుగుతున్నాను, వీసా స్టాంపింగ్ చూసుకోవాలి" అంటే ఆగకండి, ఫోన్‌లో చూపించండి. అలా చూడటం చిన్నతనమేమీ కాదు. అక్కడ తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుని చూసిన కూతుళ్లు నాకు తెలుసు.

ఇక్కడే చాలామంది మరిచిపోయే మాట. కొరివి పెట్టినవాళ్లే కర్త. పది పన్నెండు రోజులూ పిండాలు పెట్టాల్సింది వాళ్లే. ఐదు రోజుల సెలవు మీద వచ్చిన కొడుకు కొరివి పెట్టి ఆరో రోజు విమానమెక్కితే మిగతా కర్మ ఎవరిది? కొందరు మూడు రోజుల్లోనే అన్నీ ముగిస్తున్నారు, దానికి ఒప్పుకునే బ్రాహ్మలూ ఉన్నారు. అది ఇష్టం లేకపోతే ఊళ్లో ఉండగలిగిన తమ్ముడో, మనవడో, కూతురో పెట్టడం మేలు. కూతురు పెట్టకూడదని అడ్డుకున్నవాళ్లు మా ఊళ్లో పదిహేనేళ్ల కిందట ఉండేవారు, ఇప్పుడు గొంతు తగ్గించారు.

గల్ఫ్‌లో పోయినవాళ్ల సంగతి పూర్తిగా వేరు. అక్కడి మరణ ధ్రువపత్రం, శరీరం చెడిపోకుండా మందు పట్టించినట్టు కాగితం, రద్దు చేసిన పాస్‌పోర్టు, మన రాయబార కార్యాలయం ఇచ్చే అనుమతి, ఇవన్నీ అయ్యాకే విమానం. రోజులు కాదు, ఒక్కోసారి వారాలు పడుతుంది. తేదీ నమ్ముకుని పందిరి వేయకండి.

కళ్లు, శరీరం

కళ్ల దానం వేరు, శరీర దానం వేరు. ఈ రెండూ కలిపేసి "మా నాన్న శవం ఇవ్వం" అనేవాళ్లే ఎక్కువ. కళ్లు ఇస్తే అంత్యక్రియలకు ఏ అడ్డూ లేదు. ఆరు గంటల్లోపు నేత్రనిధి వాళ్లను పిలవాలి. వచ్చి అరగంటలో తీసుకుని వెళ్లిపోతారు, ముఖం మారదు. వాళ్లు వచ్చేలోగా కనురెప్పలు మూసి తడి దూది పెట్టండి, ఫ్యాను ఆపండి, తల కింద దిండు పెట్టండి. షుగర్ ఉన్నా, కళ్లజోడు ఉన్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వవచ్చు.

శరీరం ఇస్తే దహనమే లేదు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల, అమలాపురం కిమ్స్, రాజానగరం జీఎస్ఎల్ లాంటి కాలేజీల అనాటమీ విభాగంతో ముందే మాట్లాడి, సాక్షుల సంతకాలతో అంగీకార పత్రం రాసి పెట్టుకోవాలి. అయినా ఆఖరున ఇవ్వాల్సింది ఇంటివాళ్లే. వాళ్లు వద్దంటే ఆ కాగితం బీరువాలోనే ఉండిపోతుంది. పోస్టుమార్టం అయిన శరీరాన్ని, అంటురోగాలు ఉన్నదాన్ని తీసుకోరు. శరీరం లేకుండా కర్మ ఎలా అని దిగులుపడేవారికి, దర్భలతో చేయించే పద్ధతి శాస్త్రంలోనే ఉంది. ఒప్పుకునే బ్రాహ్మణ్ణి వెతుక్కోవాలంతే.

అస్థికలు ఎక్కడ

రాజమండ్రి కోటిలింగాల రేవు, అవతలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రం, రెండూ ధవళేశ్వరం బ్యారేజీకి పైన ఉన్నాయి. అందుకే ఎండాకాలంలోనూ నిండుగా నీళ్లుంటాయి. అపరకర్మలు చేయించే బ్రాహ్మలు అక్కడే దొరుకుతారు. కూర్చోకముందే ఎంతో తేల్చుకోండి, సంకల్పం మధ్యలో దానాల పట్టిక పెరుగుతుంది. రాజమండ్రిలో జనం ఎక్కువ, కొవ్వూరులో కాస్త ప్రశాంతం. నేనైతే కొవ్వూరే అంటాను.

బ్యారేజీకి దిగువన అలా కాదు. వేసవిలో పాయలు సన్నబడి, సముద్రం పోటుకు ఉప్పునీరు పైకి వస్తుంది. మీ ఊరి రేవులో మోకాలి లోతు బురదలో కలిపేకన్నా అంతర్వేది వెళ్లండి. గోదారి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఏ కాలంలోనైనా నీళ్లే. నరసాపురం వైపు వాళ్లకూ, రాజోలు వైపు వాళ్లకూ అదే దగ్గర. పోటు, పాటు వేళలు పడవవాణ్ణి అడిగి వెళ్లాలి. వెంటనే వెళ్లలేకపోతే కుండను ఇంట్లోకి తేకుండా శ్మశానంలో చెట్టుకు కట్టి ఉంచడం మామూలే. 2027లో పుష్కరాలు వస్తాయి కదా, అప్పుడు కలుపుదామని ఆపేవాళ్లున్నారు. ఆ జనంలో మీ నాన్నకు ఒక దోసెడు నీళ్లు ప్రశాంతంగా వదలగలరా, ఆలోచించుకోండి.

తొందరపడకూడని చావులు

పాము కరిచి, కాలవలో పడి, మోటారు దగ్గర షాక్ కొట్టి, రోడ్డు మీద, ఇలా పోతే "పోలీసులెందుకు, కోసేస్తారు" అని గబగబా దహనం చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది చేయకండి. పంచనామా, పోస్టుమార్టం లేకపోతే ప్రమాద బీమా రాదు. పోయినవారి బ్యాంకు పాస్‌బుక్‌లో ఏటా 20 రూపాయలు కోత పడి ఉంటే అది సురక్షా బీమా, ప్రమాదంలో పోతే 2 లక్షలు. 436 రూపాయలు కోత పడి ఉంటే జీవన జ్యోతి, ఎలా పోయినా 2 లక్షలు. చాలా ఇళ్లలో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మరణ నమోదు 21 రోజుల్లోపు. ఆసుపత్రిలో పోతే వాళ్లే పంపుతారు, ఇంట్లో పోతే మనమే ఊళ్లోని సచివాలయానికి వెళ్లి చెప్పాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు దాకా పోతుంది వ్యవహారం. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. "సూర్యనారాయణ మూర్తి" కాస్తా "సూర్యనారాయణ" అయిపోయి మా పెదనాన్న పాలసీ డబ్బు ఏడు నెలలు ఆగింది.

పెద్దకర్మ

ఆదా చేయాలనుకునేవాళ్లు కట్టెల దగ్గర బేరమాడతారు. డబ్బంతా పోయేది పదకొండో రోజో పన్నెండో రోజో పెట్టే భోజనాలకు. కార్డులు, ఫ్లెక్సీ, షామియానా, మూడు కూరలు, పనసపొట్టు, పూర్ణాలు, పెరుగు. కావాలంటే అక్కడ తగ్గించుకోండి. ఎంతమందిని పిలుస్తారో మొదటి రోజే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రోజు గడిచేకొద్దీ ఆ జాబితా పెరుగుతుందే గానీ తగ్గదు.

మా నాన్న కిందటేడు ఇవన్నీ ఎల్‌ఐసీ ఫైలు వెనక అట్ట మీద రాసి పెట్టాడు. గ్యాస్. కళ్లు ఇవ్వాలి. ఎవరి కోసమూ ఆపొద్దు. కొవ్వూరు. నూట యాభై మంది. అందరికీ చదివి వినిపించి అమ్మను కూడా అడిగాడు. ఆవిడ చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. "ఎండాకాలమైతే నాకు కట్టెలే పెట్టండి. వానాకాలమైతే మీ ఇష్టం" అంది. నాన్న అట్ట తిప్పి ఆ ముక్క కూడా రాశాడు.